దిక్కు తప్పిన దిక్పాలకులు

దక్షిణ కొరియాలో గ్యోంగ్జు నుంచి బుసాన్ సముద్రతీరానికి రోడ్డు మీద గంట, గంటన్నర ప్రయాణం. ఆ దారికి రెండు చివర్లా ఒకే దేవతల గుంపు కొలువుంది. గ్యోంగ్జులో ఉన్నది సిల్లా రాజ్యపు సేనాని కిమ్ యూ-సిన్ సమాధి. ఆయన 673లో పోయాడు. పచ్చగడ్డి కప్పిన పెద్ద మట్టిదిబ్బ, దాని మొదలు చుట్టూ రాతిపలకలు, పలకల మీద పన్నెండు మూర్తులు. మెడ కింద మనిషి, మెడ పైన జంతువు. ఒంటిమీద కవచం లేదు, మామూలు వస్త్రాలే, చేతిలో మాత్రం ఆయుధం. ఉత్తరాన ఎలుక, తూర్పున కుందేలు, దక్షిణాన గుర్రం, పడమట కోడి. మిగతా ఎనిమిదీ వాటి సందుల్లో. అన్నిటికీ వెన్ను సమాధి వైపు, ముఖం లోకం వైపు. పన్నెండింటినీ చూడాలంటే దిబ్బ చుట్టూ ప్రదక్షిణం చేయక తప్పదు.

బుసాన్‌లో ఉన్నది హేడాంగ్ యోంగుంగ్‌సా అనే సముద్రపు ఒడ్డు బౌద్ధాలయం. గుడికి వెళ్లే దారి మొదట్లోనే అవే పన్నెండు మూర్తులు విడి రాతి విగ్రహాలుగా, ఒకదాని పక్కన ఒకటి వరసగా నిలబడి ఉంటాయి. ఒక్క చూపులో అన్నీ కనిపిస్తాయి. జనం తాము పుట్టిన ఏటి జంతువును వెతుక్కుంటారు, పక్కన నిలబడి ఫొటో దిగుతారు, పాదాల దగ్గర ఓ నాణెం పెట్టి ముందుకు సాగుతారు. నాలుగడుగులు వేస్తే ట్రాఫిక్ ప్రమాదాల నుంచి కాపాడమని కట్టిన స్తూపం ఎదురవుతుంది. కాలానికి తగ్గట్టు కోరికలు మారతాయి, మొక్కులూ మారతాయి. అందులో తప్పేం లేదు.

మారినది ఇంకొకటుంది. సమాధి దగ్గర ఆ మూర్తులకు తలా ఒక దిక్కు అప్పజెప్పారు. గుడి దారిలో దిక్కుల లెక్క లేదు, వరస మాత్రమే ఉంది. గత వందేళ్లలో ఈ పన్నెండుగురూ సమాధులు, గర్భాలయాలు వదిలి రైల్వే స్టేషన్లకు, పార్కులకు, మ్యూజియం ముంగిళ్లకు, రిసార్టులకు వచ్చేశారు. ఎక్కడ బతికి బట్టకట్టారు, ఎక్కడ ఉత్త బొమ్మలై మిగిలారు అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. దిక్కు నిలుపుకున్న చోట ఇవి ఇప్పటికీ పాలకులే, దిక్కు పోయిన చోట అలంకారాలే అని నా వాదన. మినహాయింపులు ఒకటి రెండున్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

తెలుగు పాఠకులకు ఈ లెక్క పరాయిది కాదు. ప్రభవ, విభవ అంటూ మనం అరవై ఏళ్ల చక్రం తిప్పుతాం. వాళ్లకూ అరవయ్యే. పది కాండాలు, పన్నెండు శాఖలు జత కలిపి తిప్పితే అరవై ఏళ్లు నిండాక మళ్లీ మొదటి జతకు చేరతాయి. మనకు షష్టిపూర్తి ఉన్నట్టే కొరియాలో, జపాన్‌లో అరవయ్యో పుట్టినరోజు పెద్ద పండగ. పన్నెండు శాఖలకు పన్నెండు జంతువులు: ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, గొర్రె, కోతి, కోడి, కుక్క, పంది. మన రాశులు ఆకాశంలో సూర్యుడి బాటను పంచుకుంటే, ఈ జంతువులు ఏళ్లను, నెలలను, రోజులో జాములను, నేల మీద దిక్కులను పంచుకుంటాయి. ఒక్కో జంతువుకు రెండు గంటలు, ముప్ఫై డిగ్రీలు. ఎలుకది అర్ధరాత్రి, ఉత్తరం. గుర్రానిది మిట్టమధ్యాహ్నం, దక్షిణం. అంటే పన్నెండింటినీ గుండ్రంగా నిలబెడితే అది గడియారమూ అవుతుంది, దిక్సూచీ అవుతుంది. శిల్పికి ఇంత సౌకర్యమైన వస్తువు మరొకటి దొరకదు. ఆ సౌకర్యాన్ని నేటి శిల్పాల్లో చాలా భాగం వాడుకోకపోవడమే నా ఫిర్యాదు.

ఈ జాబితా ఎంత పాతదో చెప్పడానికి చైనాలో షుయిహుడి దగ్గర 1975లో తవ్విన సమాధి ఒకటుంది. క్రీ.పూ. 217 నాటి ఆ సమాధిలో దొరికిన వెదురు పలకల మీద శాఖలకు జంతువులను జతచేసిన వరస కనిపిస్తుంది. కొన్ని ఇప్పటి జంతువులతో కలవవు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో వాంగ్ చోంగ్ అనే హేతువాది ఈ నమ్మకాన్ని ఎగతాళి చేస్తూ రాసిన పుస్తకం నాటికి వరస ఇంచుమించు స్థిరపడింది. నమ్మకానికి వ్యతిరేకంగా రాసినవాడే దానికి గట్టి సాక్ష్యం కావడం చరిత్రలో మామూలే.

జంతువుకు మనిషి దేహం తొడిగి నిలబెట్టడం తాంగ్ రాజుల కాలంలో బాగా సాగింది. అప్పటి సమాధుల్లో మట్టిబొమ్మలు కుప్పలుగా దొరికాయి. పొడుగు చేతుల అంగీ, చేతులు కట్టుకున్న గుమాస్తా వాటం, పైన పంది తలో పాము తలో. కొన్ని సమాధుల్లో వాటికోసం గోడల్లో గూళ్లు కూడా కట్టారు. ఒకసారి తలుపు మూశాక వాటిని చూసేవాళ్లు లేరు. అవి చచ్చినవాడి కోసం పనిచేసే కాలపాలకులు.

సిల్లా శిల్పులు చేసిన పని ఇక్కడే గొప్పది. సమాధి లోపలి బొమ్మను బయటికి తెచ్చి, మట్టిని రాయి చేసి, గుమాస్తా చేతికి ఆయుధమిచ్చారు. గ్యోంగ్జు చుట్టుపక్కల ఇలాంటి రాజసమాధులు చాలా ఉన్నాయి. 8వ శతాబ్దం చివర ఏలిన వోన్‌సోంగ్ రాజు సమాధి దగ్గర మూర్తులు నిండు కవచాలతో ఉంటాయి. 737లో పోయిన సోంగ్‌డోక్ రాజు సమాధి దగ్గరవి పలక మీద చెక్కినవి కావు, విడిగా నిలబడ్డ పూర్తి విగ్రహాలు. వాటిలో చాలావాటికి తలలు పోయాయి. తల ఊడిన విగ్రహం ఏ జంతువో చెప్పాలంటే అది ఏ దిక్కున ఉందో చూస్తే సరి. ఈ శిల్పాల వ్యాకరణం ఎంత గట్టిదో అర్థం కావడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. మొహం పోయినా చిరునామా పోలేదు. అక్కడి కోతి ఇప్పుడు గ్యోంగ్జు జాతీయ మ్యూజియంలో ఉంది.

జపాన్‌లో ఇదే పన్నెండు ఇంకో దారిన వచ్చింది, ఆ దారి మొదలు మన దగ్గరుంది. భైషజ్యగురు బుద్ధుడికి, అంటే వైద్యుడైన బుద్ధుడికి, పన్నెండుమంది యక్ష సేనానులు అంగరక్షకులు. కుంభీర, వజ్ర, మిహిర... పేర్లన్నీ సంస్కృతమే. ఊరి చెట్టుకిందా స్తూపం ద్వారం దగ్గరా కాపలా కాసే మన యక్షులే సేనాధిపతులై సముద్రం దాటారు. నారాలోని షిన్-యకుషిజి ఆలయంలో 8వ శతాబ్దం నాటి మట్టి విగ్రహాలుగా వాళ్లను చూడొచ్చు. మధ్యలో బుద్ధుడు, చుట్టూ గుండ్రటి వేదిక అంచున సేనానులు, అందరూ బయటికి తిరిగి. ఒకడు నోరు తెరిచి అరుస్తున్నాడు, జుట్టు నిక్కబొడుచుకుని ఉంటుంది. పన్నెండింటిలో పదకొండు పాతవి, ఒకటి 1931లో చేసి పెట్టింది. తర్వాతి శతాబ్దాల్లో ఈ యక్షులకూ జంతుచక్రానికీ సంఖ్య కుదరడంతో రెంటినీ కలిపేశారు. కామకురా కాలపు సేనానుల తలమీద చిన్న ఎలుక, చిన్న పాము కూర్చుని ఉంటాయి. మహాసన్నిపాత సూత్రపు చైనీసు అనువాదంలోనైతే జంబూద్వీపం చుట్టూ నాలుగు దిక్కులా తిరిగే పన్నెండు జంతువుల ప్రస్తావన ఉంది. అందులో పులి బదులు సింహం. పులి చైనాది, సింహం మనది అనుకోవాలి.

జపాన్ వాడకంలో నాకు బాగా నచ్చింది రాజభవనాల్లో లేదు, ఒక గోడ మూలలో ఉంది. క్యోటో రాజప్రాసాదం ఇప్పుడు పెద్ద ప్రజా ఉద్యానం మధ్యన ఉంటుంది. దాని ప్రహరీ ఈశాన్యపు మూల మాత్రం నిక్కచ్చిగా లంబకోణంలో ఉండదు, లోపలికి మడిచి కట్టారు. వాళ్ల నమ్మకంలో ఈశాన్యం దెయ్యాలు వచ్చే దిక్కు. మన వాస్తు పండితులు వింటే నొచ్చుకుంటారు, మనకు అది దేవుడి మూల. అక్కడ ఈశాన్యం ఎద్దు, పులుల మధ్యది కాబట్టి జపాన్ దెయ్యాలకు ఎద్దు కొమ్ములు, పులితోలు గోచీ ఉంటాయి. మరి దానికి విరుగుడు ఎదురు దిక్కు. నైరుతి గొర్రె, కోతులది. అందుకని ఆ మడిచిన మూలలో చూరు కింద టోపీ పెట్టుకుని, పూజారి చేతిలో ఉండే కాగితపు కుచ్చుల కర్ర పట్టుకున్న కోతి బొమ్మను కూర్చోబెట్టారు. దాని ముందు ఇనప తీగల వల ఉంటుంది. రాత్రిళ్లు దిగొచ్చి దారినపోయేవాళ్లను ఆటపట్టిస్తోందని వల బిగించారని కథ. తలెత్తి చూడకపోతే ఎవరికీ కనపడదు. బోర్డులు, దీపాలు, సెల్ఫీ వేదికలు ఏమీ అక్కర్లేకుండా ఒక్క కోతి, సరైన మూలలో, తన పని తాను చేసుకుపోతోంది.

19వ శతాబ్దంలో కొరియా రాజులు గ్యోంగ్బోక్‌గుంగ్ కోటను తిరిగి కట్టినప్పుడు, సింహాసన మందిరం చుట్టూ ఉన్న రెండంతస్తుల రాతి అరుగు కటకటాల మీద జంతువులను దిక్కుల ప్రకారమే కూర్చోబెట్టారు. దక్షిణపు మెట్ల దగ్గర గుర్రం, ఉత్తరాన ఎలుక. కుక్క, పంది మాత్రం లేవు. ఎందుకు లేవన్నదానికి గైడు గైడుకో కథ చెబుతాడు. ఆ అరుగు ఇప్పుడు సియోల్‌లో రోజూ వేలమంది నడిచే చోటు. అద్దెకు తెచ్చుకున్న హాన్‌బోక్ బట్టల్లో అమ్మాయిలు ఆ కటకటాలకు ఆనుకుని ఫొటోలు దిగుతారు. అయినా గుర్రం దక్షిణాన్నే ఉంది. అక్కడికి దగ్గర్లోనే జాతీయ జానపద మ్యూజియం ముంగిట్లో నిలబెట్టిన కొత్త పన్నెండు విగ్రహాల దగ్గర అదే అమ్మాయిలు ఇంకొంచెం ఎక్కువసేపు ఆగుతారు, ఎందుకంటే అక్కడ ఎవరి జంతువు ఏదో వెతుక్కోవడం తేలిక. ఈ రెంటి మధ్య తేడాను నేను తూచి చూస్తే కటకటాల వైపే మొగ్గుతాను.

ఆధునిక ప్రజాస్థలంలో ఈ శిల్పం సాధించిన పెద్ద విజయం మాత్రం టోక్యో రైల్వే స్టేషన్‌లో ఉంది. 1914లో తెరిచిన ఆ ఎర్రిటుకల భవనాన్ని రూపొందించినవాడు టట్సునో కింగో. చూడ్డానికి పూర్తిగా యూరప్ వాటం. కానీ మరునోచి వైపు ఉత్తర, దక్షిణ గుమ్మటాల కింద నిలబడి తలెత్తితే, ఎనిమిది మూలల పైకప్పులో గద్దలతో పాటు మూలకొక జంతువు గచ్చుబొమ్మగా కనిపిస్తుంది. లెక్కపెడితే ఎనిమిదే. ఎలుక, కుందేలు, గుర్రం, కోడి లేవు. గుమ్మటం అష్టభుజి. దాని మూలలు నేరుగా ఉత్తర దక్షిణాలకూ తూర్పు పడమరలకూ చూడవు కాబట్టి ఆ నాలుగు దిక్కుల అధిపతులకు మూల దొరకలేదు. దిక్కుకు చెందని చోట బొమ్మ పెట్టకపోవడం ఆ శిల్పి నిజాయితీ. పన్నెండూ ఉండాలని ఎలాగో ఇరికించి ఉంటే ఎవరూ అడిగేవారు కాదు.

1945 మేలో పడ్డ బాంబులకు ఆ గుమ్మటాలు కాలిపోయాయి. యుద్ధం తర్వాత తాత్కాలికమంటూ వేసిన కోణాల కప్పే అరవై ఏళ్లకు పైగా ఉండిపోయింది. పాత ఫొటోలు, మిగిలిన ముక్కల ఆధారంగా గుమ్మటాలను పునరుద్ధరించి 2012లో తెరిచాక జనం మళ్లీ తలెత్తి లెక్కపెట్టారు, తప్పిపోయిన నాలుగూ ఎక్కడని అడిగారు. 2013లో జవాబు వెయ్యి కిలోమీటర్ల దూరాన దొరికింది. క్యూషూ ద్వీపంలో సాగా ప్రాంతం టట్సునో సొంత జిల్లా. అక్కడ తకేఓ వేడినీటి బుగ్గల ఊరికి ఎర్రటి ద్వారమంటపం ఒకటి ఆయనే గీసిచ్చాడు, దాదాపు స్టేషన్ కట్టిన కాలంలోనే. మరమ్మతులప్పుడు దాని మేడ కప్పులో నాలుగు చెక్కడాలు బయటపడ్డాయి: ఎలుక, కుందేలు, గుర్రం, కోడి. నాలుగు దిక్కుల భవనానికి నాలుగు, ఎనిమిది మూలల భవనానికి ఎనిమిది. ఇది యాదృచ్ఛికమా, ఒక స్థపతి చమత్కారమా అని జపాన్‌లో చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. ఎలాగైనా లెక్క సరిపోయింది. రోజూ లక్షలమంది రైలు అందుకోవడానికి పరుగెత్తే చోట దిక్సూచిని నెత్తిన పెట్టాలన్న ఆలోచన వందేళ్ల తర్వాత కూడా పాతబడలేదు.

ఇప్పుడు చైనా. అక్కడ కథ దిక్కులు వదిలేసి దేశభక్తి వైపు మళ్లింది. బీజింగ్ శివారు యువాన్‌మింగ్‌యువాన్ ఉద్యానంలో చియెన్‌లాంగ్ చక్రవర్తి కోరిక మీద యూరప్ తరహా మేడలు కట్టారు. బొమ్మలు గీసింది ఇటలీ నుంచి వెళ్లిన జెస్యూట్ చిత్రకారుడు కాస్టిలియోనే, నీటి యంత్రాలు నడిపింది ఫ్రెంచి పాద్రీ బెన్వా. 1759లో పూర్తయిన హైయాన్‌టాంగ్ మేడ ముందు కొలనుకు అటు ఆరు, ఇటు ఆరు మూర్తులు. రాతి దేహం, కంచు తల. ఎవరి వంతు రెండు గంటలు వస్తే వాళ్ల నోట్లోంచి నీళ్లు చిమ్మేవి. మధ్యాహ్నం పన్నెండింటికి పన్నెండు నోళ్లూ ఒక్కసారి. దిక్కు లేకపోయినా కాలం ఉంది చూడండి. ఆ మూర్తులు పనిచేసే గడియారం. నేను చెప్పిన మినహాయింపుల్లో ఇది మొదటిది.

1860 అక్టోబరులో ఆంగ్లో-ఫ్రెంచి సేనలు ఆ ఉద్యానాన్ని దోచి తగలబెట్టాయి. తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చిన లార్డ్ ఎల్గిన్ రెండేళ్లకు మనకు వైస్రాయిగా వచ్చాడు, 1863లో ధర్మశాలలో చనిపోయాడు, అక్కడే సమాధి ఉంది. ఆ దండయాత్రలో ఇండియా నుంచి వెళ్లిన దళాలున్నాయి. మద్రాస్ సాపర్స్ యుద్ధగౌరవాల్లో పెకిన్ 1860 కూడా ఒకటి. మద్రాసు ప్రెసిడెన్సీ చరిత్ర రాసేవాళ్లు ఈ పేజీని సాధారణంగా త్వరగా తిప్పేస్తారు.

తలలు ఊడదీసి అమ్ముకున్నారు. 2000లో హాంకాంగ్ వేలంలో ఎద్దు, పులి, కోతి తలలను చైనా ప్రభుత్వరంగ సంస్థ పోలీ గ్రూప్ కొనుక్కుంది. పంది, గుర్రం తలలను మకావ్ జూదశాలల అధిపతి స్టాన్లీ హో కొని ఇచ్చాడు. గుర్రానికి 2007లో ఆయన పెట్టింది 6.91 కోట్ల హాంకాంగ్ డాలర్లు. 2009లో పారిస్‌లో ఎలుక, కుందేలు తలలు ఒక్కోటి సుమారు 1.57 కోట్ల యూరోలకు పాడినవాడు డబ్బు కట్టనని తెగేసి చెప్పాడు. దొంగసొత్తుకు ధర ఏమిటని అతని వాదన. 2013లో ఫ్రాన్స్‌కు చెందిన పినో కుటుంబం వాటిని ఊరికే తిరిగిచ్చింది. మధ్యలో జాకీ చాన్ ఈ తలల వేట మీద ఓ సినిమానే తీశాడు. డ్రాగన్, పాము, గొర్రె, కోడి, కుక్క తలల ఆచూకీ ఇంకా తేలలేదు.

ఒక ఫౌంటెన్ పంపు మూతులు జాతి పరువుకు గుర్తులయ్యాయి. దీన్ని వేళాకోళం చేసినవాడు చైనా కళాకారుడు ఐ వేవే. పోయిన ఐదింటినీ ఊహించి, ఉన్న ఏడింటితో కలిపి, పదడుగుల ఎత్తు కంబాల మీద పన్నెండు పెద్ద కంచు తలలు చేశాడు. ఇటలీవాడు గీసి, ఫ్రెంచివాడు నడిపి, మంచూ చక్రవర్తి విలాసం కోసం చేయించిన బొమ్మలు చైనా జాతి నిధి ఎలా అయ్యాయన్నది ఆయన ప్రశ్న. 2010లో సావో పాలోలో మొదలైన ఆ గుంపు 2011 మేలో న్యూయార్క్ పులిట్జర్ ఫౌంటెన్ దగ్గర నిలబడింది. అప్పటికి నెల రోజులుగా ఐ వేవే బీజింగ్‌లో పోలీసుల నిర్బంధంలో ఉన్నాడు. మొత్తం 81 రోజులు ఉంచారు. శిల్పి జైల్లో, శిల్పాలు వీధిలో. ఆ వేసవిలో లండన్ సోమర్సెట్ హౌస్ ముంగిట్లోనూ అవే తలలు. ఫౌంటెన్‌లోంచి పుట్టిన బొమ్మలను మళ్లీ ఫౌంటెన్ దగ్గరే పెట్టడం తెలివైన పని. నీళ్లు చిమ్మకపోయినా, అడిగే నోళ్లుగా అవి పనిచేశాయి. నా రెండో మినహాయింపు ఇదే. ఆ తర్వాత అమెరికా ఊళ్లలో అవి తిరిగిన ప్రతి చోటా ఆ పదును నిలవలేదు. బాస్టన్ పార్కులో పిల్లలు వాటిలో తమ పుట్టిన ఏటి జంతువును వెతుక్కున్నారంటే వాళ్ల తప్పు లేదు.

తైవాన్‌లో కథ ఇంకా ఘాటుగా ముగిసింది. చియాయీలో జాతీయ ప్రాసాద మ్యూజియం దక్షిణ శాఖను 2015 డిసెంబరులో తెరిచినప్పుడు, జాకీ చాన్ ఇచ్చిన పన్నెండు తలల నకళ్లను దాని ముంగిట్లో పెట్టారు. కొద్ది రోజుల్లోనే నిరసనకారులు తలల మీద ఎర్రరంగు కుమ్మరించారు, ఇది చైనా సాంస్కృతిక వల అన్నారు. మరుసటి ఏడు ప్రభుత్వం మారింది, మ్యూజియం కొత్త సంచాలకుడు వాటిని తీసేస్తామని ప్రకటించాడు. ఉత్త నకళ్లకు కళా విలువ లేదని ఆయన అన్న మాట నాకు సబబనిపించింది. రాజకీయం సంగతి అలా ఉంచి, ఆ తలలు అక్కడ ఏ దిక్కునూ, ఏ గంటనూ, ఏ ప్రశ్ననూ మోయలేదు. సినిమా సామగ్రి మ్యూజియం గుమ్మానికి రావడం అంత సులువుగా జరగకూడదు.

మిగిలిన ప్రజాస్థలాలను తొందరగా చూసి వద్దాం. హాంకాంగ్‌లో ఒకప్పటి ఇరుకు బస్తీ కౌలూన్ వాల్డ్ సిటీని కూలగొట్టి 1995లో తెరిచిన పార్కులో పన్నెండు రాతి జంతువుల తోట ఉంది. అక్కడ జంతువులు జంతువులే, మనిషి దేహాలూ ఆయుధాలూ లేవు, పిల్లలు ఎక్కి ఆడుకునే పరిమాణం. కాపలాకు కాక ఆటకే చేసినవి కాబట్టి వాటితో నాకు పేచీ లేదు. అదే ఊళ్లో వాంగ్ తాయ్ సిన్ గుడిలో అంగీలు తొడుక్కున్న జంతుముఖ కంచు విగ్రహాలు భక్తుల చేతులు తగిలి మెరుస్తుంటాయి. కౌలాలంపూర్ థియన్ హౌ గుడి తోటలో ఉన్నవి మలేసియా తెలుగువాళ్లకు కొత్త కావు, ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లే చోటది. ఈ తరహా బొమ్మలు ఇంత విరివిగా కనపడడానికి కారణం భక్తి ఒక్కటే కాదు. ఫుజియాన్‌లో హుయిఆన్ లాంటి శిల్పకేంద్రాల్లో పన్నెండూ సెట్టుగా తయారవుతాయి. మనకు ఆళ్లగడ్డలో గణపతి, ఆంజనేయుడు సిద్ధంగా ఉన్నట్టే. సెట్టు కొన్నవాడు ఉత్తరం ఎటని అడగడు, లారీ ఎక్కడ ఆగితే అక్కడ దించుతాడు.

వియత్నాం మాత్రం నవ్విస్తుంది. వాళ్ల చక్రంలో కుందేలు బదులు పిల్లి. ప్రతి టెట్ (కొత్త సంవత్సరం) పండక్కీ ఊరూరా ఆ ఏటి జంతువును కూడలిలో నిలబెడతారు, ఎవరిది బాగుంది, ఎవరిది భయంకరంగా ఉంది అని దేశమంతా పోల్చుకుంటుంది. 2023లో క్వాంగ్ ట్రి ప్రాంతంలోని చిన్న జిల్లా పెట్టిన పిల్లి అందాలపోటీ గెలిచినంత పేరు తెచ్చుకుంది. పక్క ఊళ్ల నుంచి బస్సులేసుకుని వచ్చి చూశారు. హైఫాంగ్ దగ్గరి ఓ రిసార్టు పన్నెండు జంతుముఖాలకు నగ్న మానవ దేహాలు చెక్కించి 2018లో గొడవలో పడింది. తర్వాత వాటికి గుడ్డలు కట్టారు. గుమాస్తా అంగీతో మొదలైన ప్రయాణం గోచీ దాకా వచ్చిందన్నమాట.

వీటిని ముచ్చట బొమ్మలుగా చూసి వదిలేయడానికి వీల్లేదని గుర్తుచేసే సంఖ్య ఒకటుంది. అగ్నిగుర్రం ఏట పుట్టిన ఆడపిల్ల మొగుణ్ని మింగుతుందని జపాన్‌లో పాత మూఢనమ్మకం. 1965లో ఆ దేశంలో సుమారు 18.2 లక్షల మంది పుడితే, అగ్నిగుర్రపు ఏడైన 1966లో పుట్టింది 13.6 లక్షలే. రైళ్లు గంటకు రెండొందల కిలోమీటర్లు పరుగెడుతున్న దేశంలో జరిగిన సంగతి ఇది. అరవై ఏళ్లు తిరిగి 2026లో ఆ గుర్రమే మళ్లీ వచ్చింది. కూడలిలో బొమ్మ పెట్టేవాళ్లు నమ్మకంలో ఏ పాలు నిలబెడుతున్నామో ఆలోచించుకోవాలి. దిక్కులు చెప్పే జంతువు వేరు, ఆడపిల్ల జాతకం చెప్పే జంతువు వేరు.

నా వాదనకు ఎదురు వాదన ఉంది, అది బలహీనమైనదేమీ కాదు. బుసాన్ గుడి దారిలో నాణెం పెట్టే ముసలమ్మకు ముప్ఫై డిగ్రీల లెక్కతో పనేముంది? ఆమె తన మనవడి జంతువును పలకరించి, పరీక్షల్లో గట్టెక్కించమని దండం పెట్టుకుంటోంది. ఊళ్లకు ఊళ్లు అపార్టుమెంట్లయిపోయి, తూర్పు ఏదో కిటికీలోంచి తెలియని కాలంలో దిక్పాలకుడు వ్యక్తిపాలకుడు కావడం సహజం. దేవుళ్ల పని భక్తులు నిర్ణయిస్తారు గానీ వ్యాసకర్తలు కాదు. ఒప్పుకుంటాను. జపాన్‌లో నిక్కో ఊరి తోషోగూ ఆలయపు ఐదంతస్తుల గోపురం మొదటి అంతస్తు చుట్టూ పన్నెండు జంతువులూ దిక్కుల ప్రకారమే ఉన్నాయి. ముందు వైపు పడ్డ మూడు పులి, కుందేలు, డ్రాగన్. అవే తోకుగావా వంశపు మొదటి ముగ్గురు షోగున్ల (సైనిక పాలకుల) జన్మజంతువులు. దిక్కునూ వ్యక్తినీ ఒకే చెక్కడంలో ఇమిడ్చిన ఆ నేర్పు చూశాక, రెంటిలో ఒకటే ఎంచుకోవాలన్న నిర్బంధం లేదని తెలుస్తుంది. అందుకే కొత్త విగ్రహాల మీద నా అసంతృప్తి తగ్గలేదు, పెరిగింది. అదే పన్నెండును గుండ్రంగా, సరైన దిక్కుకు తిప్పి పెట్టి ఉంటే ముసలమ్మకు నాణెం పెట్టే చోటు పోయేది కాదు, పిల్లలకు పొద్దు ఎటు పొడుస్తుందో కూడా తెలిసేది. ఖర్చు ఒక్క పైసా పెరగదు. మన గుళ్లలో నవగ్రహాలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎవరి దిక్కుకు వారు తిరిగి ఉంటారు, ఊరి శిల్పి కూడా ఆ నియమం తప్పడు. పార్కు శిల్పికీ అంతే పట్టింపు ఉండాలి.

తెలుగు రాష్ట్రాల్లోనూ మునిసిపల్ పార్కుల్లో రాశివనాలు, నక్షత్రవనాలు వేస్తున్నారు. చెట్టుకో బోర్డు, బోర్డు మీద రాశి పేరు. వాటిని వేసేవాళ్లు గ్యోంగ్జు దాకా వెళ్లనక్కర్లేదు గానీ, మొక్క నాటే ముందు దిక్సూచి తీసి చూసుకోవాలి. టోక్యో వెళ్లే తెలుగువాళ్లకు ఒక మాట. మరునోచి గుమ్మటాల కింది హాలు టికెట్టు గేట్లకు ఇవతలే ఉంటుంది, చూడ్డానికి రుసుము లేదు. ఎనిమిదింటినీ అక్కడ చూడొచ్చు. మిగతా నాలుగింటికి మాత్రం తకేఓ దాకా రైలెక్కాలి.